జీతగాడు పోయిండు, క్రాసింగ్ పిల్ల వచ్చింది: విత్తన చేలల్లో వెట్టి చరిత్ర

జీతం అనే మాటకు ఇప్పుడు తెలుగులో ఒక్కటే అర్థం చెప్తున్నారు: నెలాఖరుకు చేతికొచ్చే డబ్బు. కలెక్టరుకీ జీతమే, బడిపంతులుకీ జీతమే. మాల మాదిగ వాడల్లో మాత్రం ఈ మాటకు ఇంకో అర్థం ఉంది. ఎవరి తండ్రో పటేలు దగ్గర "జీతం ఉండె" అంటే ఆయన నెల నెలా డబ్బు తీసుకున్నాడని కాదు. పెళ్లికో, చావుకో, కరువులో తిండిగింజలకో తెచ్చిన బాకీ కింద తన ఒంటిని ఏడాదికేడాది కుదువ పెట్టాడని. ఒకే మాట ఒక కులానికి హోదా, ఇంకో కులానికి బందిఖానా ఎట్లా అయిందో నిఘంటువులు చెప్పవు. చరిత్ర పుస్తకాలు కూడా చెప్పవు.

1976 నాటి వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం తెరిచి చూడండి. రెండో సెక్షన్‌లో దేశంలోని వెట్టి పద్ధతుల పేర్లు వరసగా కనిపిస్తాయి. ముప్పై దాకా ఉన్న ఆ పేర్లలో భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. ఇవన్నీ మనకు తెలిసిన మాటలే. అదే జాబితాలో హొలెయ, చెరుమర్ అనే పేర్లూ ఉన్నాయి. హొలెయ అనేది కన్నడ నేలమీద దళిత కులం పేరు. చెరుమర్ అనేది మలబారు దళిత కులం పేరు. అంటే చట్టం రాసినవాళ్లకు కులం పేరూ బానిసత్వం పేరూ వేరువేరుగా రాయాల్సిన అవసరం కనపడలేదు. ఈ దేశంలో బానిసత్వం ఎవరి ఒంటిమీద నిలబడిందో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

ఇప్పుడు ప్రపంచంలో కొత్త మాట ఒకటి నడుస్తోంది, ఆధునిక బానిసత్వం అని. లండన్‌లో పూలమొక్కలు, విత్తనాల పొట్లాలు, పెరటి బండలు అమ్మే కంపెనీ కూడా తన వ్యాపారంలోనూ, తనకు సరుకు వచ్చే దారిలోనూ బానిసత్వం లేకుండా ఏం చేస్తున్నదో ఏడాదికోసారి ప్రకటన రాస్తున్నది. ఆ ప్రకటనలు మంచివా చెడ్డవా అనే దాంట్లోకి వెళ్లేముందు మేము ఒక ప్రశ్న వేసుకున్నాం. ఆ సరుకు దారి వెంట వెనక్కి నడుచుకుంటూ వస్తే ఎవరి గడప దగ్గర ఆగుతుంది? విత్తనం సంగతి తీసుకుంటే, ఒకప్పుడు అది కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల వాడల్లో ఆగింది. ఆ వాడల్లో ఎనిమిదేళ్ల ఆడపిల్ల దగ్గర ఆగింది. ఆ పిల్ల ఆ చేలోకి ఎట్లా వచ్చిందో, ఆమె అక్కడి నుంచి బయటపడటానికి ఏది పనికొచ్చిందో, ఏది పనికిరాలేదో చెప్పడం ఈ వ్యాసం పని.

పాత వెట్టి

నిజాం తెలంగాణలో వెట్టి కులాన్ని బట్టి పంచిన పని. మాదిగ చెప్పులు కుట్టి ఇవ్వాలి, మోటకు తోలు, తాళ్లు ఇవ్వాలి, దొర ఇంటికీ వచ్చిన అధికారికీ ఊడిగం చేయాలి. చాకలి, మంగలి, కుమ్మరి అందరికీ తలా ఒక వంతు. కూలి అనే మాటే లేదు. భాగేలా దీనికి పక్కనే నడిచిన ఇంకో పద్ధతి. అప్పు తీసుకున్నవాడు అప్పు తీరేదాకా ఆ ఇంట్లోనే పనిచేయాలి. లెక్క రాసేది దొర, వడ్డీ కట్టేది దొర, తీరిందీ తీరలేదూ చెప్పేది దొర. తండ్రి చేయలేకపోతే కొడుకు రావాలి. ఈ ఒప్పందాలను అదుపు చేస్తామని నిజాం ప్రభుత్వం 1936లోనే శాసనం చేసింది. శాసనం వచ్చిన పదేళ్లకు తెలంగాణ రైతాంగం వెట్టి మీద తిరగబడాల్సి వచ్చిందంటే ఆ శాసనం ఎంత అమలైందో మనం అర్థం చేసుకోవచ్చు.

కోస్తాలో పాలేరు, రాయలసీమలో, తెలంగాణలో జీతగాడు. ఉగాదికి కుదిరి మళ్లీ ఉగాది దాకా ఉండాలి. మధ్యలో జబ్బు చేస్తే ఆ రోజులు కలిపి తిరిగి చేయాలి. పశువులు కాసే పిల్లవాణ్ణి కూడా ఇట్లాగే పెట్టేవాళ్లు. పిల్లల శ్రమను తాకట్టు పెట్టే ఒప్పందాలు చెల్లవని బ్రిటిష్ ఇండియాలో 1933లోనే చట్టం వచ్చింది. ఆ సంగతి పిల్లవాడి తండ్రికి చెప్పినవాళ్లు లేరు.

ఈ పద్ధతిని కులంతో ముడిపెట్టి చట్టసభలో నిలదీసినవాళ్లలో అంబేద్కర్ ఒకరు. 1928 మార్చిలో ఆయన బొంబాయి శాసనమండలిలో మహర్ వతన్ మీద బిల్లు పెట్టారు. వతన్ పేరుతో ఇచ్చే గింజలకూ చెక్క భూమికీ మహర్లు రాత్రనకా పగలనకా సర్కారుకీ ఊరికీ చాకిరీ చేయాల్సి వచ్చేది. ఒకడు రాకపోతే ఇంట్లో ఇంకొకడు రావాలి. చేతికి భూమి ఇచ్చినట్టే ఇచ్చి మెడకు తాడు వేసే పద్ధతి అది. తర్వాత రాజ్యాంగంలో 23వ అధికరణం మనుషుల అమ్మకాన్నీ, వెట్టినీ, బలవంతపు చాకిరీనీ నిషేధించింది. ఆ అధికరణం సర్కారుకే కాదు, దొరకూ కంపెనీకీ కూడా వర్తిస్తుంది. ఈ సంగతి మనం గుర్తుపెట్టుకోవాలి, ముందు ముందు పనికొస్తుంది.

చట్టం వచ్చింది, మగవాళ్లు బయటికి వచ్చారు

రాజ్యాంగం వచ్చిన పాతికేళ్లకు, ఎమర్జెన్సీ నడుస్తుండగా, 1975 అక్టోబరులో వెట్టి రద్దు ఆర్డినెన్సు వచ్చింది. 1976 ఫిబ్రవరిలో అది చట్టమైంది. ఈ చట్టం కాగితం మీద చాలా గట్టిది. వెట్టి బాకీ కొట్టివేత. బాకీ వెట్టి బాకీ కాదని రుజువు చేయాల్సిన బాధ్యత కూలీ మీద కాదు, అప్పిచ్చినవాడి మీద. అడ్వాన్సు తీసుకున్నందుకు గానీ, ఫలానా కులంలో పుట్టినందుకు గానీ, నామమాత్రపు కూలికి పనిచేయాల్సి రావడం, ఇంకోచోట పనికి పోలేకపోవడం, ఊరు దాటలేకపోవడం ఇవన్నీ వెట్టి కిందికే వస్తాయి. పుట్టిన కులం అనే మాట నేరుగా చట్టంలో ఉంది. ప్రతి జిల్లాలో, ప్రతి సబ్‌డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ వేయాలి, అందులో ముగ్గురు ఎస్సీ, ఎస్టీలు ఉండాలి.

1978లో గాంధీ పీస్ ఫౌండేషన్, నేషనల్ లేబర్ ఇన్‌స్టిట్యూట్ కలిసి పది రాష్ట్రాల్లో సర్వే చేస్తే వ్యవసాయంలోనే 26 లక్షల మంది వెట్టి కూలీలు ఉన్నట్టు అంచనాకు వచ్చారు. ఆంధ్రప్రదేశ్ వాటా మూడు లక్షల పైచిలుకు. అత్యధికులు దళితులు, ఆదివాసులు. 1982లో ఆసియాడ్ కూలీల కేసులో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. కనీస వేతనం కన్నా తక్కువకు పనిచేయించుకోవడమే బలవంతపు చాకిరీ, ఎందుకంటే ఆకలి కూడా బలవంతమే అని చెప్పింది. 1983 డిసెంబరులో బంధువా ముక్తి మోర్చా కేసులో, బలవంతపు చాకిరీ కనపడితే దాని వెనక అడ్వాన్సు ఉన్నట్టే భావించాలని చెప్పింది.

అయితే మన జిల్లాల్లో మగ జీతగాళ్లు తగ్గిపోయింది చట్టం వల్లనే అనుకుంటే పొరపాటు. దానికి చాలా కారణాలు కలిశాయి. పాలమూరు కూలీ మట్టి పనికి, డ్యాముల పనికి దేశమంతా తిరిగాడు. ఆ బతుకు సుఖమైనది కాదు, మేస్త్రీ అడ్వాన్సు అక్కడా ఉంది. అయినా ఊళ్లో దొరకు వంగి దండం పెట్టే అవసరం తగ్గింది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చింది. కరువు నెలల్లో గింజల కోసం దొర గడప తొక్కే అవసరం కొంత తగ్గింది. హాస్టళ్లలో చదివిన మొదటి తరం పిల్లలు ఊళ్లకు తిరిగొచ్చి ప్రశ్నించారు. 1985 జులైలో కారంచేడు, 1991 ఆగస్టులో చుండూరు. ఆ నెత్తుటి తర్వాత వాడవాడనా దళిత సంఘాలు లేచాయి. "నేను జీతం ఉండ" అనే ధైర్యం మగవాడి నోట్లోంచి ఊరికే రాలేదు, ప్రాణాలిచ్చి సంపాదించుకున్నది.

ఇంతవరకూ మనకు తెలిసిన కథే. మన సభల్లో చెప్పుకునే కథ. ఈ కథకు ఒక రెండో భాగం ఉంది. దావులూరి వెంకటేశ్వర్లు, లూసియా ద కోర్తా అనే ఇద్దరు పరిశోధకులు 2001లో ఆంధ్ర పత్తి విత్తన చేల మీద రాసిన వ్యాసంలో దాన్ని నేరుగా చెప్పారు. కట్టుబడి చాకిరీ పోలేదు. అది వయసు మార్చుకుంది, లింగం మార్చుకుంది. మగవాళ్లు జీతాన్ని వదిలించుకుంటుంటే ఆ బరువు ముందు ఆడవాళ్ల మీదికి, తర్వాత ఆడపిల్లల మీదికి జారింది.

ఒక పువ్వు, రెండు పూటల పని

ఇది ఎట్లా జరిగిందో తెలియాలంటే పత్తి పువ్వు సంగతి తెలియాలి. ప్రపంచంలో వ్యాపారానికి వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి హెచ్-4. 1970లో గుజరాత్‌లోని సూరత్ పరిశోధనా కేంద్రంలో సి.టి. పటేల్ తయారుచేశారు. తర్వాత రెండేళ్లకు కర్ణాటకలో వరలక్ష్మి వచ్చింది. హైబ్రిడ్ పత్తి దిగుబడి బాగా ఇస్తుంది. కానీ రైతు దాని గింజ దాచుకుని మళ్లీ వేస్తే అదే గుణం రాదు. అందుకని ఏటా కొత్తగా విత్తనం తయారు కావాలి, ఏటా కొనాలి. కంపెనీకి కావాల్సిందీ అదే.

పత్తి పువ్వులో ఆడ, మగ భాగాలు రెండూ ఒకే పువ్వులో ఉంటాయి. వదిలేస్తే దానంతట అదే కాయ కడుతుంది. హైబ్రిడ్ కావాలంటే ఆడ వరసలో రేపు విచ్చుకోబోయే ప్రతి మొగ్గనూ ఈ రోజు మధ్యాహ్నం నుంచి పొద్దుగూకే లోపు వెతికి పట్టుకుని, రేకులూ పుప్పొడి సంచులూ గిల్లేయాలి. మర్నాడు పొద్దున మగ వరసలో పూలు కోసుకొచ్చి, గిల్లిన ప్రతి మొగ్గ కీలాగ్రానికీ పుప్పొడి రుద్దాలి. దీన్నే క్రాసింగ్ అంటరు. ఇట్లా రెండు మూడు నెలలు, పండగ లేదు, జ్వరం లేదు, రోజూ చేయాలి. ఒక రోజు తప్పితే ఆ రోజు పూలన్నీ పోయినట్టే. గిల్లకుండా వదిలిన పువ్వు తన పుప్పొడితోనే కాయ కడితే విత్తనం కల్తీ అవుతుంది. కంపెనీ శుద్ధత పరీక్షలో ఆ లాటు పోతే రైతు మునుగుతాడు.

అంటే ఈ పంటకు కూలీలు ఎక్కువమంది కావాలి, రోజూ కావాలి, మధ్యలో మానకూడదు. సాగు ఖర్చులో సగం దాకా కూలిదే. ఇట్లాంటి చోట రైతు రెండు దారుల్లో ఒకటి పట్టుకోవాలి. కూలి పెంచి పెద్దవాళ్లను నిలబెట్టుకోవడం ఒకటి. అడ్వాన్సు ఇచ్చి, పోలేనివాళ్లను కట్టిపడేసుకోవడం ఇంకొకటి. నంద్యాల, ఆళ్లగడ్డ, గద్వాల ప్రాంతాల్లో సీడ్ పత్తి విస్తరించిన కొద్దీ రైతులు రెండో దారి పట్టారు. జీతం పద్ధతి ఊళ్లో అందరికీ తెలిసిందే కదా! ఎండాకాలంలో, పనులు లేని నెలల్లో, తల్లిదండ్రుల చేతికి అడ్వాన్సు. వానాకాలం పూత మొదలవగానే పిల్ల చేలోకి. సీజను అయ్యేసరికి లెక్కలో ఇంకొంత బాకీ మిగులుతుంది, మరుసటేడు మళ్లీ అదే చేను. పక్క మండలాల నుంచి తెచ్చిన పిల్లల్ని చేల దగ్గరే పాకల్లో, పశువుల కొట్టాల్లో ఉంచేవాళ్లు. మందు కొట్టిన చేలో మర్నాడే పిల్లలు మొగ్గలు గిల్లుతుంటారు.

ఎందుకు ఆడపిల్లలే అని అడిగితే, చిన్న వేళ్లు, ఓపిక, ఎత్తు సరిగ్గా సరిపోతుంది అని చెప్తరు. మేము దీన్ని ఒప్పుకోం. అదే పని పెద్ద ఆడవాళ్లు చేసిన చేలల్లో విత్తనం బాగానే వచ్చింది. అసలు కారణం వేలు పొడుగులో లేదు, కూలి లెక్కలో ఉంది. పిల్లకు పెద్దవాళ్ల కన్నా తక్కువ ఇస్తే సరిపోతుంది. ఎక్కువ గంటలు ఉంచొచ్చు. తిరగబడదు. సంఘం కట్టదు. ఇంకో చేలో ఎక్కువ కూలి ఇస్తున్నారని మానేసి పోదు. పాత జీతగాడిలో దొరకు నచ్చిన గుణాలన్నీ, జీతగాడు వదిలేసిన గుణాలన్నీ, ఈ పిల్లలో వెతుక్కున్నారు. ఈ శతాబ్దం మొదలయ్యేనాటికి ఒక్క ఆంధ్రప్రదేశ్‌లోనే ఇట్లాంటి పిల్లలు దాదాపు రెండున్నర లక్షల మంది ఉంటారని అంచనా. వాళ్లలో ఎక్కువమంది ఎస్సీ, ఎస్టీ, బీసీ కులాల పిల్లలు, అందులోనూ ఆడపిల్లలు.

ఇక్కడ దళిత ఉద్యమం ముందు ఒక ప్రశ్న ఉంది. అన్నను హాస్టలుకు పంపి చెల్లెల్ని చేలోకి పంపిన ఇల్లు మన వాడల్లో అరుదు కాదు. దానికి ఆ తండ్రిని తిట్టి లాభం లేదు. ఆ ఇంటిముందు ఏ తలుపులు మూసి ఉన్నాయో చూడాలి. కానీ విముక్తి చరిత్ర రాసేటప్పుడు బయటపడ్డ మగవాణ్ణి ఒక్కణ్ణే లెక్కపెట్టి, లోపలికి పోయిన ఆడపిల్లను లెక్కలో వేయకపోతే ఆ చరిత్ర సగమే అవుతుంది. వెట్టి పోయిందా అని అడిగినప్పుడు ఇంట్లో అందరినీ లెక్కపెట్టి చెప్పాలి.

గొలుసు

దొర కాలంలో బాకీ పుస్తకం ఎవరి దగ్గర ఉందో ఊరందరికీ తెలుసు. విత్తన చేలో అట్లా కాదు. పైన కంపెనీ ఉంటుంది. కంపెనీ తల్లి విత్తనం ఇస్తుంది, ఎంత విస్తీర్ణమో చెప్తుంది, కొనే ధర చెప్తుంది. కింద ఆర్గనైజరు ఉంటాడు. రైతులను కుదిర్చేది, పెట్టుబడి అప్పు ఇచ్చేది, సరుకు తీసుకునేది అతనే. రైతుకూ కంపెనీకీ మధ్య చాలాసార్లు ఒక్క కాగితం కూడా ఉండదు. రైతు కింద పిల్లల్ని తెచ్చే మనిషి. అతని కింద తల్లిదండ్రులు. అందరికన్నా కింద పిల్ల. ఎవరిని అడిగినా పైవాణ్ణో కిందివాణ్ణో చూపిస్తరు. కంపెనీ అంటుంది, పిల్లల్ని పెట్టింది రైతు అని. రైతు అంటడు, ఆ ధరకు పెద్దవాళ్లను పెట్టలేనని.

రైతు చెప్పేదాంట్లో నిజం ఉంది. 2003లో ఈ చేల గురించి హాలండ్ సంస్థ ఒకటి నివేదిక బయటపెట్టింది. బహుళజాతి కంపెనీల పేర్లు యూరప్ పత్రికల్లోకి ఎక్కాయి. అప్పుడు కంపెనీలు ఇది మా చేను కాదు అనడం మాని, చర్చకు కూర్చున్నాయి. 2005లో వచ్చిన ఇంకో అధ్యయనం అసలు ముడి విప్పింది. కంపెనీ ఇచ్చే కొనుగోలు ధరలో పెద్దవాళ్లకు కనీస వేతనం ఇచ్చే వెసులుబాటే లేదని లెక్కలతో చూపించింది. అంటే పిల్లను చేలోకి తోలిన చెయ్యి ధర రాసే చెయ్యే.

దీంతో పోల్చి ఇంకో సంగతి చూడండి. బీటీ పత్తి 2002లో వచ్చింది. 450 గ్రాముల పొట్లం 1,600 రూపాయల పైన అమ్ముతుంటే 2006లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాల కమిషన్‌కు వెళ్లి, చివరికి 750 రూపాయలకు ధర దించింది. రైతుల ఆందోళన వల్ల అది జరిగింది, మంచిదే. అయితే విత్తనం కొనే రైతు కోసం ధర నిర్ణయించగలిగిన ప్రభుత్వానికి, విత్తనం తయారుచేసే కూలీ కోసం ధర నిర్ణయించడం చేతకాదా? చేతకాక కాదు. కొనే రైతు ఓటు కనపడింది. మొగ్గ గిల్లే పిల్లకు ఓటు లేదు.

పెరటి తోట దాకా

పత్తితో ఆగిపోలేదు. టమాట, మిరప, బెండ, వంగ హైబ్రిడ్ విత్తనాలకు కూడా చేతి క్రాసింగే. కర్ణాటకలో హావేరి జిల్లా రాణిబెన్నూరు ప్రాంతం ఈ పనికి పెద్ద కేంద్రం. అక్కడ తయారైన విత్తనం దేశదేశాల కంపెనీల పేరుతో పొట్లాల్లోకి ఎక్కుతుంది. 2010లో, 2015లో వచ్చిన అధ్యయనాలు ఈ చేలల్లో కూడా పిల్లల పని, ఆడవాళ్లకు కనీస వేతనం కన్నా తక్కువ కూలి ఉన్నట్టు చూపించాయి. కూరగాయల పొట్లం మీద ఎర్రగా నిగనిగలాడే టమాట బొమ్మ ఉంటుంది. మొగ్గ గిల్లిన చెయ్యి ఉండదు.

విత్తనమే కాదు, బండ కూడా. బ్రిటన్ ఇళ్ల వెనక పెరటి తోటల్లో పరిచే ఇసుకరాతి పలకల్లో చాలా భాగం రాజస్థాన్‌ది. బూందీ జిల్లా బుధ్‌పురాలో గని చెత్తలోంచి ఏరిన రాతిని చిన్న చదరపు ముక్కలుగా కొట్టేది ఆడవాళ్లు, పిల్లలు. గనికూలీలు ఎక్కువగా దళితులు, ఆదివాసులు. అడ్వాన్సు తీసుకుని గనిలో దిగుతారు, రాతిపొడి పీల్చి సిలికోసిస్ తెచ్చుకుంటారు. మనిషి మంచం పడితే అప్పు ఇంట్లోవాళ్ల మీదికి వస్తది. భాగేలాకూ దీనికీ తేడా ఎక్కడుందో వెతికినా దొరకదు. కర్ణాటక, ఆంధ్ర, తెలంగాణ గ్రానైట్ క్వారీల మీద 2015, 2017లో వచ్చిన నివేదికల్లోనూ అడ్వాన్సు బాకీ కథే.

ఇప్పుడు ఆ కంపెనీ ప్రకటనల సంగతికి వద్దాం. 2004 ఫిబ్రవరి 5న ఇంగ్లండ్‌లో మోర్‌కాంబే బే దగ్గర సముద్రపు ఒడ్డున ఆల్చిప్పలు ఏరుతున్న చైనా వలస కూలీలు కనీసం 21 మంది పోటులో మునిగి చనిపోయారు. ఆ చావుల తర్వాత అదే ఏడాది వ్యవసాయం, తోటపని, ఆల్చిప్పల సేకరణకు కూలీలను పంపే మేస్త్రీలకు లైసెన్సు తప్పనిసరి చేస్తూ అక్కడ చట్టం వచ్చింది. 2015లో ఆధునిక బానిసత్వ చట్టం వచ్చింది. దాని 54వ సెక్షన్ ప్రకారం ఏడాదికి 3 కోట్ల 60 లక్షల పౌండ్ల వ్యాపారం దాటిన కంపెనీ ప్రతి ఏడాదీ ప్రకటన ఇవ్వాలి. కానీ అదే సెక్షన్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. "మేము ఏ చర్యా తీసుకోలేదు" అని రాసినా చట్టం పాటించినట్టే. యూరోపియన్ యూనియన్ 2024లో ఇంకొంచెం ముందుకు పోయి, బలవంతపు చాకిరీతో తయారైన సరుకునే మార్కెట్లో నిషేధించే నిబంధన చేసింది. అది 2027 డిసెంబరు నుంచి అమలు కావాలి.

ఈ చట్టాలను మేము తీసిపారేయం. కర్నూలు చేల గురించి యూరప్‌లో చర్చ జరగకపోతే కంపెనీలు మాట్లాడేవి కావు. ఈ చట్టాల్లో ఉన్న లోటు మాత్రం చెప్పాలి. బ్రిటిష్ చట్టంలో కులం అనే మాట లేదు. మన 1976 చట్టంలో ఉంది. ప్రశ్నాపత్రం పట్టుకుని వచ్చిన ఆడిటరు ఎగుమతిదారు ఆఫీసులో రిజిస్టరు చూస్తాడు, ఫైర్ సిలిండర్ చూస్తాడు, పోతాడు. వాడలో ఎండాకాలం ఇచ్చిన అడ్వాన్సు ఏ రిజిస్టరులో ఉంటుంది? కూలీని ప్రశ్నలడిగితే పక్కన మేస్త్రీ నిలబడి ఉంటే ఏం చెప్తది?

ఏది పనిచేసింది?

తెలంగాణ, ఆంధ్రలో సీడ్ పత్తి చేలల్లో పిల్లల శాతం 2003 తర్వాత తగ్గింది. ఎందుకు తగ్గిందో జాగ్రత్తగా చూడాలి, నివారణ అంటే ఏమిటో ఆ అనుభవంలోనే ఉంది.

మొదటిది బడి. ఎం.వి. ఫౌండేషన్ 1991 నుంచి రంగారెడ్డి జిల్లాలో వెట్టి పిల్లలను విడిపించి, శిబిరాల్లో చదివించి, వయసుకు తగిన తరగతిలో చేర్చే పని మొదలుపెట్టింది. బడిలో లేని ప్రతి పిల్లా కూలీయే అనేది వాళ్ల లెక్క. పనికి పోయే పిల్ల, ఇంట్లో ఉన్న పిల్ల అనే తేడాను అది చెరిపేసింది. పేదరికం పోతేగాని పిల్లలు బడికి రారు అనే పాత వాదాన్ని కూలీల ఇళ్ల పిల్లలే తప్పని చూపించారు. ఆ పనికి శాంతా సిన్హాకు 2003లో మెగసెసే అవార్డు వచ్చింది. ఆడపిల్లలకు ఊరికి దగ్గరలో హాస్టలు సీటు ఉన్నచోట ఆర్గనైజరు అడ్వాన్సు ఓడిపోయింది.

రెండోది ధర. కొన్ని కంపెనీలు పిల్లలు లేని చేలకు బోనసు ఇచ్చాయి, పిల్లలు దొరికిన రైతుకు మరుసటేడు విత్తనం ఇవ్వలేదు, చేలకు వెళ్లి తనిఖీ చేశాయి. ఈ మూడూ కలిసినచోట మార్పు వచ్చింది. ఒక్క తనిఖీనే పెట్టినచోట పిల్లలు జీపు చప్పుడు వినగానే పక్క చేలో దాక్కున్నారు.

మూడోది, పని జారిపోకుండా చూడటం. ఇది మాత్రం జరగలేదు. 2015లో వచ్చిన నివేదిక దేశం మొత్తం మీద పత్తి విత్తన చేలల్లో 14 ఏళ్ల లోపు పిల్లలు ఇంకా దాదాపు 2 లక్షల మంది ఉన్నారని లెక్కవేసింది. మొత్తం కూలీల్లో పిల్లల శాతం తగ్గినా విస్తీర్ణం పెరగడంతో సంఖ్య పెరిగింది. గుజరాత్, రాజస్థాన్, తమిళనాడు చేలు కొత్త పిల్లలను వెతుక్కున్నాయి. పాలమూరు పిల్ల బడికి పోతే ఉత్తర గుజరాత్ చేలోకి రాజస్థాన్ ఆదివాసీ పిల్ల వచ్చింది. ఒక జిల్లాలో గెలుపు ఇంకో రాష్ట్రంలో ఇంకో కులం పిల్ల మీద బరువు అయితే దాన్ని మనం గెలుపు అనొచ్చా?

ఈ చరిత్ర నుంచి మేము తీసుకున్న నిర్ణయాలు ఇవి. కొనుగోలు ధరలో పెద్దవాళ్ల కనీస వేతనం విడిగా లెక్కకట్టి చూపించాలి. అది లేని ఏ ప్రవర్తనా నియమావళీ చెల్లదు. 1982 తీర్పు ప్రకారం కనీస వేతనం కన్నా తక్కువ అంటేనే వెట్టి, కాబట్టి ధర రాసిన కంపెనీ దానికి జవాబుదారీ. పిల్ల పేరున గానీ, పిల్ల పని మీద గానీ ఇచ్చే ఏ అడ్వాన్సునూ తిరిగి అడిగే హక్కు ఎవరికీ లేదు. ఈ మాట ఆర్గనైజరు చేత కాగితం మీద రాయించాలి, వాడలో చదివి వినిపించాలి. చేల జాబితా, ఆర్గనైజర్ల జాబితా బయటపెట్టాలి. తనిఖీ కమిటీలో కూలీ ఆడవాళ్లు, దళిత సంఘాలవాళ్లు కూర్చోవాలి. విడిపించిన మనిషికి సాయం కూడా అడ్డం లేకుండా అందాలి. 2016 కేంద్ర పథకంలో పునరావాస సాయం మగవాళ్లకు లక్ష, ఆడవాళ్లకూ పిల్లలకూ రెండు లక్షలు, మరీ ఘోరమైన కేసుల్లో మూడు లక్షలు అని రాశారు. పూర్తి సాయాన్ని మాత్రం నేరస్తుడికి శిక్ష పడటంతో ముడిపెట్టారు. శిక్ష పడే కేసులు ఎన్నో మనకు తెలుసు. అందరికీ బాకీ రద్దు కాగితం ఒక్కటే చేతికొచ్చి తిండి రాకపోతే మనిషి తిరిగి అదే గడప దగ్గరికి పోతాడు.

ఇవన్నీ పెద్ద డిమాండ్లు, సంఘాలు కట్టి కొట్లాడితేనే వచ్చేవి. చదువుకున్నవాళ్లు, కార్యకర్తలు, టీచర్లు రేపే చేయగలిగిన పని ఒకటుంది. 1976 చట్టం ప్రకారం మీ జిల్లాలో, మీ డివిజన్‌లో విజిలెన్స్ కమిటీ ఉండాలి. సమాచార హక్కు చట్టం కింద కలెక్టరు ఆఫీసుకు ఒక అర్జీ పెట్టండి. కమిటీ వేశారా? అందులో ఉన్న ముగ్గురు ఎస్సీ, ఎస్టీ సభ్యులు ఎవరు? చివరి సమావేశం ఏ తేదీన జరిగింది? ఏ చేలకు, ఏ క్వారీలకు, ఏ ఇటుక బట్టీలకు వెళ్లారు? జవాబు వచ్చాక దాన్ని జిరాక్సు తీసి వాడలో పంచండి. ఆ ముగ్గురి పేర్లు వాడలో ఎవరికీ తెలియకపోతే, ఆ మూడు కుర్చీలు ఎవరివో అడగడంతోనే పని మొదలుపెట్టాలి. అవి చట్టం మనకిచ్చిన కుర్చీలు.